గాలి ఆగినప్పుడు అమ్మ చెప్పిన స్తోత్రం

ప్రశ్న: “మా అక్కకి ఒక్కతే కూతురు. పోయిన నెల రోడ్డు ప్రమాదంలో చనిపోయింది. చర్చివాళ్లు వచ్చి ‘అంతా దేవుని చిత్తం, ఆయన సెలవు లేకుండా ఏదీ జరగదు’ అంటున్నారు. ఇలాంటి సమయంలో దైవ సంరక్షణ, అంటే అన్నిటినీ దేవుడే నడిపిస్తాడనే మాటను, ఎలా అర్థం చేసుకోవాలి?”

జవాబు:

నేను పుట్టి పెరిగింది విశాఖపట్నం కంచరపాలెంలో. పాతికేళ్లుగా సండే స్కూల్లో పిల్లలకి పాఠాలు చెబుతున్నాను. యోసేపు కథ ఎన్నిసార్లు చెప్పానో లెక్క లేదు. అన్నలు గోతిలో పడేయడం, ఐగుప్తుకి అమ్మేయడం, జైలు, చివరికి రాజు దగ్గర కొలువు. “చూశారా పిల్లలూ, దేవుడు అన్నిటినీ మేలుకే నడిపించాడు” అని ముగించేదాన్ని. 2014 అక్టోబరు 12 తర్వాత రెండేళ్లు ఆ కథ నా నోట రాలేదు.

ఆ రోజు ఆదివారం. హుద్‌హుద్ తుపాను వస్తోందని నాలుగైదు రోజుల ముందు నుంచీ చెబుతూనే ఉన్నారు. ఆరాధన లేదని శనివారమే కబురొచ్చింది. మా ఆయనకి డ్యూటీ. పిల్లలిద్దరినీ తీసుకుని అమ్మ దగ్గరికి వచ్చేశాను. అమ్మది స్లాబు ఇల్లు, రెండు గదులు. నాన్న అప్పటికే లేరు. అమ్మ, మా తమ్ముడు ఉండేవారు. తమ్ముడికి ఇరవై తొమ్మిదేళ్లు, కరెంటు పని చేసేవాడు, ఇంకా పెళ్లి కాలేదు.

కరెంటు రాత్రే పోయింది. తెల్లారేసరికి గాలి ఊళ వేస్తోంది. పది గంటలయ్యేసరికి కిటికీ రెక్కలు ఊడిపోయాయి, తలుపుకి బీరువా అడ్డం పెట్టాం. వీధిలో రేకులు ఎగిరొచ్చి గోడలకి కొట్టుకుంటున్న చప్పుడికి నా చిన్నది చెవులు మూసుకుని మంచం కింద దూరింది. గంటకు 180 కిలోమీటర్లకి అటూ ఇటూగా ఉందట ఆ గాలి. ఆ అంకె మాకు తర్వాత తెలిసింది. అప్పుడు తెలిసిందల్లా ఇల్లు వణుకుతోందని. అమ్మ మంచం పక్కన మోకాళ్ల మీదే ఉంది, పొద్దుటి నుంచీ లేవలేదు. “తండ్రీ, ఈ గాలిని గద్దించు, సముద్రాన్ని గద్దించినట్టు గద్దించు” అని అదే మాట మళ్లీ మళ్లీ.

మధ్యాహ్నం పన్నెండు దాటాక గాలి ఆగిపోయింది. తగ్గడం కాదు, ఆగిపోవడమే. అంత నిశ్శబ్దం ఆ వీధిలో నేనెప్పుడూ వినలేదు. అమ్మ రెండు చేతులూ పైకెత్తి “స్తోత్రం ప్రభువా! విన్నావు తండ్రీ!” అంది. నేనూ అన్నాను. పిల్లల చేత అనిపించాను.

తమ్ముడు బీరువా పక్కకి జరిపాడు. మా వెనక సందులో రేకుల ఇంట్లో ఒక మామ్మ ఒక్కత్తే ఉండేది. మా చర్చి మనిషి కాదు, సింహాచలం అప్పన్న భక్తురాలు. “మామ్మ ఇంటి మీద రేకులన్నీ ఎగిరిపోనాయి. ఎత్తుకొచ్చెత్తాను” అని వెళ్లాడు. నిజంగానే ఎత్తుకొచ్చాడు. మా ఇంట్లో కూర్చోబెట్టి, తువ్వాలిచ్చి, “ఏటి మామ్మా, బతికున్నావా” అని నవ్వించాడు. ఆవిడకి పింఛను పుస్తకం, కాగితాలు ఉన్న రేకు పెట్టె అక్కడే ఉండిపోయిందని బెంగ. “అదెంతసేపు, బేగొచ్చెత్తాను” అని మళ్లీ వెళ్లాడు. అమ్మ ఆపలేదు. ఎందుకాపుతుంది? దేవుడు గాలిని ఆపాడు కదా.

అది తుపాను కన్ను, అంటే సుడి మధ్యలో గాలి ఆగిపోయే చోటు. సరిగ్గా మా ఊరి మీదుగా దాటింది. గాలి ఒక్కసారిగా ఆగితే తుపాను పోయినట్టు కాదని, బయటికి రావద్దని జాగ్రత్తల కాగితాల్లో ఎప్పుడూ ఉండేదే. మాకెవరికీ అది తలకెక్కలేదు. అప్పటిదాకా వీధి వైపు నుంచి కొట్టిన గాలి ఈసారి పెరటి వైపు నుంచి వచ్చింది, మొదటిసారి కంటే ఎక్కువగా. సందు పక్కన ఒక ఖాళీ స్థలం, దానికి పొడవాటి ప్రహరీ. అది పడింది. తమ్ముడు దాని కింద ఉన్నాడు.

దారి పొడుగునా చెట్లు పడ్డాయి, ఏ బండీ కదిలే వీలు లేదు. సాయంత్రం మంచం మీద మోసుకెళ్లారు. అప్పటికే అయిపోయింది.

ఇక మీ ప్రశ్నకి వస్తాను. మూడో రోజు నుంచి మనుషులు రావడం మొదలైంది. ఒకాయన “దేవునికి మీ అబ్బాయితో అక్కడ పని పడిందమ్మా” అన్నాడు. అమ్మ తలెత్తి “ఆయనకి దూతలు లేరా? నాకున్న కొడుకు ఒక్కడే” అంది. ఇంకొకావిడ “ఏదో పెద్ద ఆపద నుంచి తప్పించడానికే తీసుకుపోయాడేమో” అంది. ఇరవై తొమ్మిదేళ్లవాడి మీద ప్రహరీ పడటం కంటే పెద్ద ఆపద ఏమిటో ఆవిడే చెప్పాలి. ఆదరణ కూడికలో ఒక పెద్దమనిషి లేచి, తమ మేడకి ఒక్క అద్దం కూడా పగల్లేదని, దేవుడు తమని రెక్కల చాటున దాచాడని సాక్ష్యం చెప్పాడు. అందరూ ఆమెన్ అన్నారు. ఎదురుగా మా అమ్మ కూర్చుని ఉంది. ఆ ఆమెన్ నాకు ఇప్పటికీ చెవిలో ముల్లులా ఉంది. సాక్ష్యం చెప్పేముందు ఎదురుగా ఎవరున్నారో చూసుకోవాలని మన సంఘాల్లో ఎవరూ నేర్పరు.

ప్రహరీ యజమాని కూడా వచ్చాడు. “దైవ నిర్ణయం, మనం ఏం చేయగలం” అన్నాడు. మధ్యలో ఒక్క పిల్లర్ లేకుండా నాలుగంగుళాల గోడని అంత పొడుగున లేపినవాడు అతను. సరిగ్గా ఇక్కడే దైవ సంరక్షణ సిద్ధాంతం తెలియాలి. బైబిల్లో అపొస్తలుల కార్యములు 27వ అధ్యాయం తీయండి. పౌలు ఎక్కిన ఓడ తుపానులో చిక్కింది, అందులో 276 మంది. ఒక్క ప్రాణమూ పోదని దేవుడే పౌలుకి మాటిచ్చాడు. అయినా నావికులు పడవ దించుకుని పారిపోబోతుంటే, వీళ్లు ఓడలో లేకపోతే మీరు తప్పించుకోలేరని అదే పౌలు శతాధిపతికి చెప్పాడు. దేవుని మాట నెరవేరడానికి నావికుడి చెయ్యి కూడా కావాలి. వెస్ట్‌మినిస్టర్ విశ్వాస ప్రమాణం అని 1640లలో ఇంగ్లండులో రాసుకున్నది ఒకటుంది. దేవుడు అన్నిటికీ మొదటి కారణమైనా, రెండో కారణాలను, అంటే మనుషులూ వస్తువులూ చేసే పనిని, కొట్టేయడని అందులో స్పష్టంగా ఉంది. మా తమ్ముడి విషయంలో ఆ రెండో కారణం పేరు నాలుగంగుళాల గోడ. 2020 మే 7 తెల్లవారుజామున వెంకటాపురంలో ఎల్‌జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ నుంచి స్టైరీన్ ఆవిరి ఇళ్ల మీదికి వచ్చినప్పుడు కూడా ఇలాంటి మాటలే విన్నాను, కడవరి దినాల సూచన అని. ట్యాంకుని చల్లగా ఉంచవలసింది మనుషులు. దేవుని చిత్తం అనే మాటని మనిషి బాధ్యత మీద కప్పే దుప్పటిగా వాడితే అది విశ్వాసం కాదు, దొంగతనం.

అమ్మని నిజంగా తినేసింది మాత్రం ఆ గోడ కాదు, తను చెప్పిన స్తోత్రం. “నేను స్తోత్రం చెప్పింది దేనికే? నేనా మాట అనకపోతే వాడు తలుపు తీసేవాడా?” అని రాత్రిళ్లు లేచి కూర్చునేది. నేను చాలాకాలం దీనితోనే కుస్తీ పట్టాను. చివరికి నాకు అర్థమైంది ఇది. అన్నిటి వెనకా ఒక తండ్రి చెయ్యి ఉందని సిద్ధాంతం చెబుతుంది. ఆ చేతిరాత మనం చదవగలమని ఎక్కడా చెప్పదు. గాలి ఆగితే ‘విన్నాడు’ అని చదివాం. గోడ పడితే ‘విడిచిపెట్టాడు’ అని చదివాం. రెండుసార్లూ తొందరపడ్డాం. మమ్మల్ని పరామర్శించడానికి వచ్చినవాళ్లు మూడోసారి తొందరపడ్డారు, అంతే తేడా.

సిలోయము గోపురం కూలి పద్దెనిమిది మంది చచ్చిపోతే, వాళ్లు యెరూషలేములో మిగతావాళ్లందరి కంటే పాపులనుకుంటున్నారా అని యేసే అడిగాడు, కాదని ఆయనే చెప్పాడు. గోడ కూలి పోయినవాళ్ల గురించి ఆయనే మాట్లాడాడని నేను అంతకుముందు పట్టించుకోలేదు. ఆ గోపురం ఎందుకు కూలిందో మాత్రం చెప్పలేదు. పిచ్చుకల మాటా అంతే. తండ్రి సెలవు లేక ఒక్కటి కూడా నేలను పడదని అందరం వల్లిస్తాం. పిచ్చుక పడదని ఆ వాక్యంలో లేదు. పడుతుంది. పడినప్పుడు ఆయన అక్కడ లేకుండా లేడన్నదే ఆ మాట. చనిపోయిన తన స్నేహితుడు లాజరు సమాధి దగ్గర, ఇంకాసేపట్లో తానే లేపబోతున్నానని తెలిసి కూడా యేసు కన్నీళ్లు విడిచాడు. ముగింపు తెలిసినాయనే ఏడ్చాడు. ఏమీ తెలియని మనం ఏడుస్తున్నవాళ్ల దగ్గరికి వెళ్లి వివరణలిస్తాం.

మా ఊరి సంగతే ఒకటి చెబుతాను. తెలుగులో తొలినాళ్ల బైబిలు అనువాదాల్లో ఒకటి ఇక్కడే, విశాఖపట్నంలోనే నడిచింది. లండన్ మిషన్ నుంచి 1805లో క్రాన్, డెస్ గ్రాంజెస్ అని ఇద్దరు వచ్చారు. ఆనందరాయర్ అనే బ్రాహ్మణ విశ్వాసి వాళ్లతో కలిసి పనిచేశాడు. 1809లో క్రాన్ పోయాడు, 1810లో డెస్ గ్రాంజెస్ పోయాడు. 1812లో బెంగాల్ శ్రీరాంపూర్‌లో సువార్తలు అచ్చయ్యేసరికి ఇద్దరూ లేరు. ప్రసంగాల్లో ఇది చెప్పి “చూడండి దేవుని ఏర్పాటు” అంటారు. రెండు వందల ఏళ్ల అవతల నిలబడి చూస్తే కనబడుతుంది, నిజమే. 1810లో సగం రాసిన కాగితాల ముందు కూర్చున్న ఆనందరాయర్‌కి ఏం కనబడి ఉంటుందో ఎవరూ ఆలోచించరు.

యోసేపు కూడా ఆ మాట గోతిలో ఉండి అనలేదు. “మీరు నాకు కీడు చేయ ఉద్దేశించారు, దేవుడు దాన్ని మేలుకి ఉద్దేశించాడు” అన్నది ఎన్నో ఏళ్ల తర్వాత, తన నోటితో, తనని అమ్మినవాళ్లతో. అన్నలు గోతిలోకి తొంగిచూసి “తమ్ముడూ, ఇది నీ మేలుకేరా” అని ఉంటే ఎలా ఉండేది? మన సంఘాల్లో చాలామంది చేస్తున్నది అదే. 1563లో జర్మనీలో రాసిన హైడెల్‌బర్గ్ ప్రశ్నోత్తరి అనే క్రైస్తవ బోధ పుస్తకంలో ఈ సంరక్షణ తెలుసుకుంటే లాభమేమిటని ఒక ప్రశ్న ఉంది. శ్రమలో ఓర్పు, మేలులో కృతజ్ఞత, రేపటి గురించి నమ్మకం అని జవాబు. మూడూ మన లోపల జరగవలసినవే. పక్కింటివాళ్లకి వివరించడం అందులో లేదు. ‘ఇది మేలుకే’ అనే హక్కు నష్టపోయినవాళ్లది, ఎప్పుడు అనాలో కూడా వాళ్ల ఇష్టమే. ఎప్పటికీ అనకపోయినా వాళ్ల విశ్వాసం తక్కువైనట్టు కాదు. 88వ కీర్తన “చీకటియే నాకు బంధువర్గమాయెను” అని ఆగిపోతుంది, చివర ఒక్క వెలుగు మాట లేదు. దాన్ని బైబిల్లోంచి ఎవరూ తీసేయలేదు. ఆ రెండేళ్లూ మా అమ్మ చదివింది అదొక్కటే.

మామ్మ సంగతి చెప్పాలి. తన పెట్టె కోసం వెళ్లే తమ్ముడు చనిపోయాడు కదా, ఆవిడ బాధ ఆవిడది. మర్నాటి నుంచి రోజూ పొద్దున్నే వచ్చి అమ్మ పక్కన గోడకి ఆనుకుని కూర్చునేది. ఊళ్లో కరెంటు లేదు, కుళాయి నీళ్లు లేవు, పాల ప్యాకెట్టు దొరకడమే గగనం. ఎక్కడి నుంచో బిందె నీళ్లు మోసుకొచ్చి పెట్టి, గంజి కాచి అమ్మ ముందు పెట్టేది. ఒక్క మాట మాట్లాడేది కాదు. బైబిల్లో పిల్లల్నీ ఆస్తినీ పోగొట్టుకున్న యోబు దగ్గరికి వచ్చిన స్నేహితులు ముగ్గురూ మొదట ఏడు రోజులు, ఏడు రాత్రులు నోరు విప్పకుండా అతని పక్కన నేల మీద కూర్చున్నారు. నోరు విప్పాకే చెడగొట్టారు. దేవుడు మా ఇంటిని విడిచిపెట్టలేదని నేను నమ్మడానికి ఆధారం అడిగితే ఆ నీళ్ల బిందె చూపిస్తాను. ఇంతకంటే పెద్ద రుజువు నా దగ్గర లేదు, నాకు అక్కర్లేదు కూడా.

మీ అక్కగారికి జవాబు చెప్పే పని పెట్టుకోకండి. వచ్చేవాళ్లని గుమ్మం దగ్గరే ఆపి “ప్రార్థన చేయండి, ప్రసంగం వద్దు” అని చెప్పండి. ఆ బండి ఎవరు నడిపారో, దేనివల్ల అలా జరిగిందో అడగడం అవిశ్వాసం అని ఎవరైనా అంటే వినకండి, అడగండి. ఆవిడ దేవుడి మీద కోప్పడితే కోప్పడనివ్వండి, చర్చికి రాకపోతే రాకపోనివ్వండి. అమ్మ పద్నాలుగు నెలలు రాలేదు.

మామ్మ మూడేళ్ల కిందట పోయింది. ఆ రాత్రి దహనం నుంచి తిరిగొచ్చాక అమ్మ చాలాసేపు ఊరుకుని, “వాడిని పంపించింది నా స్తోత్రం కాదే. వాడి బుద్ధి. ఎవరైనా ఇబ్బందిలో ఉంటే ఊరుకోలేని ఆ బుద్ధి మాత్రం దేవుడిచ్చిందే. దానివల్లే మామ్మ ఇన్నేళ్లు బతికింది” అంది. తొమ్మిదేళ్లలో దేవుడినీ తమ్ముడినీ కలిపి అమ్మ మాట్లాడటం అదే మొదటిసారి.

నేను ఇంకా ఆ మాట నా అంతట నేను అనలేను. అమ్మ అంది కాబట్టి పక్కన కూర్చుని విన్నాను.