పాత చెరువు కట్ట ఊరుతుంటే ముందు నీటి రంగు చూడండి

చెరువు నిండినప్పటి నుంచి కట్ట వెలుపలి పాదం దగ్గర నేల ఊరుతోందనీ, ఊరివారు బంకమట్టి కొట్టి మూసేద్దామంటున్నారనీ రాశారు. దయచేసి మూయనివ్వకండి. నేను కడప ప్రాంతంలో చెరువుల మరమ్మతు పనులపై పాతికేళ్లు వర్క్ ఇన్‌స్పెక్టరుగా ఉన్నాను. కొత్తలో ఒకసారి మేమూ అదే పని చేశాము. తెల్లవారేసరికి ఆ చోటు ఆరింది గానీ, పదడుగుల అవతల కొత్త బుంగ పడి, ఎసరు మరిగినట్టు ఇసుక కుతకుతమంటూ పైకి వస్తోంది.

మట్టికట్ట కొంత ఊరడం సహజమే. ఊట తేటగా వస్తోందా, కట్ట మట్టిని మోసుకొస్తోందా అన్నది తేల్చుకోవాలి. ఆ నీటిని గాజు సీసాలో పట్టి గంటసేపు కదపకుండా ఉంచండి. అడుగున మడ్డి పేరుకుంటే కట్ట లోపల కోసుకుపోతున్నట్టే. వెంటనే నీటిపారుదల శాఖ ఇంజనీరుకు కబురు చేసి, పల్లంలో ఉన్నవారిని హెచ్చరించి, తూము తెరిపించి మట్టం దించాలి. అయితే మట్టం మరీ వేగంగా పడిపోతే నానిన లోపలి వాలు జారే ప్రమాదమూ ఉంది గనుక, ఎంత దించాలో ఇంజనీరే చెప్పాలి. బుంగ మీద ముందు ముతక ఇసుక, దానిపై సన్న కంకర, ఆపైన పెద్ద కంకర పరుస్తారు; నీరు పోతుంది, మట్టి నిలుస్తుంది. ఊట తూము పక్కనే ఉంటే మరింత అనుమానించండి, ఎందుకంటే రాతికట్టడాన్ని ఆనుకున్న మట్టికి దిమ్మిస (మట్టిని కొట్టి గట్టిపరచే బరువైన పనిముట్టు) పూర్తిగా అందదు.

కట్టమీది తుమ్మచెట్లను ఇప్పుడు నరకవద్దు. మొద్దు వదిలేస్తే వేళ్లు కుళ్లి, నీటికి దారులవుతాయి. ఎండాకాలంలో చెరువు ఎండాక వేళ్లతో సహా తవ్వి, పలుచని పొరలుగా మట్టి పోసి, తడిపి దిమ్మిస కొట్టించాలి.

మరో పంటకు నీళ్లు నిలుస్తాయని అలుగు (చెరువు నిండాక అదనపు నీరు బయటికి పోయే చోటు) మీద ఇసుక బస్తాలు పేర్చే అలవాటు మీ ఊళ్లోనూ ఉంటే మాన్పించండి. అలుగు మూసుకుపోతే నీరు కట్ట మీదికి వస్తుంది; మట్టికట్ట మీదుగా పొర్లితే గండి పడటానికి ఎక్కువసేపు పట్టదు. 2021 నవంబరు 19న చెయ్యేరు వరద అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట మీదుగా పొర్లి దానిని కోసుకుపోయింది; అక్కడి అయిదు గేట్లలో ఒకటి అప్పటికే పనిచేయడం లేదు. వాడని తూము తలుపు, దానిని ఎత్తే తుప్పుపట్టిన మర మీ చెరువుకూ ఉండవచ్చు. గ్రీజు పెట్టించి, వానలకు ముందే ఒకసారి ఎత్తి దించి చూడండి.

తడి తూముకు ఎంత దూరంలో ఉందో, సీసాలో ఏమి చేరిందో రాస్తే మిగతాది చెప్పగలను.