పండగ రోజు వీడియో కాల్ పెట్టేశాక ఏడుపొస్తోంది

ప్రశ్న: మాది విశాఖపట్నం, సీతమ్మధార. వయసు 23. ఎం.ఎస్. కోసం జర్మనీ వచ్చి ఏడాది దాటింది. మొన్న దీపావళికి హాస్టల్ గదిలో ప్రమిద వెలిగించి, అగరొత్తులు పెట్టాను. అలారం మోగి బిల్డింగంతా కిందికి దిగింది, ఫైరింజన్ వచ్చింది. పట్టుచీరలో నిలబడి అందరికీ సారీ చెప్పుకున్నాను. అమ్మతో మాత్రం బాగా జరిగిందన్నాను. దసరాకీ అబద్ధమే చెప్పాను. పండగొస్తే అమ్మ వీడియో కాల్ పెట్టి రెండు గంటలు పూజంతా చూపిస్తుంది. కాల్ పెట్టేశాక నాకు రోజంతా ఏడుపే. ఇక్కడి తెలుగువాళ్ళ కార్యక్రమానికి ఒకసారి వెళ్తే అన్నీ ఉద్యోగం, మార్కుల ప్రశ్నలే. ఇప్పుడు నాతో చదివే జర్మన్ అమ్మాయి క్రిస్మస్‌కి వాళ్ళింటికి రమ్మంది. నేను గుడ్డు కూడా తినను. అమ్మ వెళ్ళొద్దంటోంది. ఆ తర్వాత సంక్రాంతి. ఇంట్లో ముగ్గెప్పుడూ నాదే. తలుచుకుంటేనే గుబులుగా ఉంది. నేను మారిపోయానా?

జవాబు: ఇంట్లో ముగ్గెప్పుడూ నాదే అన్నారు కదా, మీ బాధకు మూలం అక్కడే ఉంది. ఇంట్లో పండగంటే మీకు పని: ముందురోజు కళ్ళాపి, పొద్దున్నే ముగ్గు, అమ్మ పిలిస్తే వంటింట్లోకి పరుగు. ఇప్పుడు అదే పండగను ఫోన్‌లో రెండు గంటలు చూస్తున్నారు. హారతి కనిపిస్తుంది, కళ్ళకద్దుకోవడానికి చెయ్యి అందదు. ఎంతసేపు చూస్తే అంత ఏడుపొస్తుంది. మీరు మారిపోలేదు. మీ చేతిలో పని లేకుండా పోయింది, అంతే. కాబట్టి ఇకమీదట ప్రతి పండగకూ చూడ్డం తగ్గించి, చిన్నదైనా ఒక పని మీ చేత్తో చెయ్యాలి.

ముందు అమ్మకు నిజం చెప్పాలి. పండగ రోజు వద్దు, ఆరోజు ఆవిడ మనసు ముందే నిండి ఉంటుంది. మామూలు ఆదివారం, మీకు ఉదయం పదిన్నర అయితే అక్కడ మధ్యాహ్నం మూడు, వంటిల్లు సర్దుకుని తీరిగ్గా ఉండే వేళ. అప్పుడు ‘అమ్మా, దీపావళికి నా వల్ల అలారం మోగింది. నువ్వు బాధపడతావని చెప్పలేదు. పండగ రోజు రెండు గంటల కాల్ పెడితే తర్వాత నాకు తట్టుకోవడం కష్టంగా ఉంది. పావుగంట మాట్లాడదాం, కానీ ఏం చెయ్యాలో నువ్వే చెప్పు, నేనిక్కడ చేస్తాను’ అనండి. ఆ చివరి మాట వదలొద్దు. కాల్ తగ్గించమని మాత్రమే అంటే కూతురు దూరమవుతోందని ఆవిడ అనుకుంటుంది. పని అడిగితే ఆవిడకు మళ్ళీ అమ్మ స్థానం దొరుకుతుంది.

కాల్‌కి వేళ కూడా ముఖ్యం. అక్టోబరు ఆఖరి ఆదివారం నుంచి మార్చి ఆఖరి ఆదివారం దాకా జర్మనీ మనకంటే నాలుగున్నర గంటలు వెనక, మిగతా కాలం మూడున్నర. విశాఖలో పొద్దున ఆరింటి పూజ శీతాకాలంలో మీకు రాత్రి ఒకటిన్నర. నిద్ర చెడగొట్టుకుని దాన్ని చూసి, మర్నాడు క్లాసుకు వెళ్ళినప్పుడు వచ్చే దిగులులో సగం నిద్రలేమే. సాయంత్రం ఆరింటి దీపం మీకు మధ్యాహ్నం ఒకటిన్నర, అది పెట్టుకోండి. ఒక్క భోగిమంట మాత్రం మినహాయింపు. ఇక్కడ తెల్లవారుజామున నాలుగున్నరకు వెలిగిస్తే మీకు సరిగ్గా అర్ధరాత్రి పన్నెండు. ఆ ఒక్కరోజూ మేలుకుని చూడండి.

అలారం సంగతి. దాన్ని మీ తప్పుగా మోయొద్దు, కానీ అది ఎందుకు మోగిందో తెలుసుకోవాలి. పొగ అలారం మంటను చూడదు. దాని లోపల ఒక కాంతి కిరణం ఉంటుంది. గాలిలో సన్నటి రేణువులు చేరి ఆ కాంతి చెదిరితే మోగుతుంది. అగరొత్తి, కర్పూరం, నూనె వత్తి కొసన వచ్చే నల్లపొగ, ఒక్కోసారి స్నానాల గది ఆవిరి కూడా దానికి ఒకటే. అలారానికి ప్లాస్టిక్ కవరు కట్టే పని ఎప్పుడూ చెయ్యొద్దు. అది అందరి ప్రాణాలకూ సంబంధించినది, పట్టుబడితే గదే పోవచ్చు. గదిలో బ్యాటరీ దీపం పెట్టుకోండి. నిజమైన ప్రమిదే కావాలంటే బిల్డింగ్ చూసుకునే హౌస్‌మైస్టర్‌కు వారం ముందు మెయిల్ రాసి, పెరట్లో అరగంట వెలిగించుకోవచ్చా అని అడగండి. మీరు పక్కనే ఉంటారనీ, బకెట్టు నీళ్ళు పెట్టుకుంటారనీ రాయండి. ఒప్పుకుంటే ఆ మెయిల్ దాచుకోండి. బాణసంచా జోలికి మాత్రం వెళ్ళొద్దు. జర్మనీలో టపాసులు, రాకెట్ల లాంటివి మామూలు జనం డిసెంబరు 31, జనవరి 1 తేదీల్లోనే కాల్చాలి, దీపావళికి కాలిస్తే జరిమానా పడొచ్చు.

ఇక క్రిస్మస్. వెళ్ళండి. జర్మనీలో 24 సాయంత్రం పూర్తిగా ఇంటివాళ్ళది. ఆరోజుకి పిలిచారంటే ఆ అమ్మాయి మిమ్మల్ని తన మనిషి అనుకుంటోంది. అమ్మ భయం మతం గురించైతే మన విశాఖ వన్‌టౌన్‌నే గుర్తు చెయ్యండి: పక్కపక్కనే మూడు కొండలు, ఒకదాని మీద రాస్ హిల్ చర్చి, ఒకదాని మీద దర్గా, ఒకదాని మీద వెంకటేశ్వరస్వామి. అక్కడ ఏ మతంవాళ్ళైనా మూడు కొండలూ ఎక్కుతారు. అమ్మకు నమ్మకంగా ఉండాలంటే ఆ కుటుంబంతో ఒకసారి ముందే వీడియోలో మాట్లాడించండి.

భోజనం విషయం కనీసం వారం ముందు చెప్పాలి. ‘వెజిటేరియన్’ అన్న ఒక్కమాట చాలదు. ఆ మాటకు గుడ్డు తింటారనే అక్కడ అర్థం, కొందరు చేప కూడా పర్వాలేదనుకుంటారు. మాంసం, చేప, గుడ్డు, జెలటిన్ (జంతువుల ఎముకలు, చర్మం నుంచి తీసే జిగురు), మాంసం ఉడికించిన నీళ్ళు ఏవీ వద్దని విడమరిచి రాయండి. ఆ రాత్రి చాలా ఇళ్ళలో బంగాళాదుంప సలాడ్, సాసేజ్‌లు. సాసేజ్ తీసేస్తే సరిపోతుందనుకుంటాం కానీ, దక్షిణ జర్మనీ వైపు ఆ సలాడ్‌లో మాంసం రసం కలుపుతారు, ఉత్తరాది సలాడ్‌లో గుడ్డు ఉన్న మయొనైజ్ ఉంటుంది. ఒక వంటకం నేను తెస్తానని అడగండి. చాలామంది సంతోషిస్తారు, వాళ్ళకూ ఏం వండాలన్న బెంగ తీరుతుంది.

తీసుకెళ్ళడానికి పులిహోరను మించింది లేదు. పాలు, గుడ్డు లేవు, చల్లారినా బావుంటుంది. ఆరుగురికి అర కిలో బియ్యం, అరవై గ్రాముల చింతపండు, ఆరు పచ్చిమిర్చి, ఆరు పెద్ద చెంచాల నూనె. అన్నం కాస్త పలుకుగా వండి, వెంటనే పళ్ళెంలో పరిచి, పసుపు, రెండు చెంచాల నూనె కలిపి ఆరబెట్టాలి. వేడి మీద పులుసు కలిపితే ముద్దవుతుంది. పోపు దగ్గర జాగ్రత్త. అక్కడి గాజుపలక పొయ్యి ఆపేశాక కూడా చాలాసేపు కాలుతూనే ఉంటుంది, ఎండుమిర్చి నల్లబడి ఘాటు లేస్తుంది. ఆవాలు చిటపటలాడగానే గిన్నెను పక్కకు తీసి, అప్పుడు మిర్చి వెయ్యండి. వేరుశెనగలు, ఆవాలు ఎవరికైనా పడవేమో ముందే అడగండి, ఇది మొహమాటపడే విషయం కాదు. సరుకులు 23 నాటికే కొనాలి. 24 మధ్యాహ్నానికి దుకాణాలు మూసేస్తారు, 25, 26 సెలవు. చెప్పిన వేళకు చేరుకోండి. మన ఇళ్ళలోలా అరగంట అటూఇటూ అక్కడ చెల్లదు.

అమ్మ ఏదైనా పంపుతానంటే నెయ్యి, కోవా, పాల స్వీట్లు వద్దనండి. బయటి దేశాల పాల పదార్థాలు, మాంసం ప్రయాణికులు తేవడాన్నీ పార్సిల్‌లో పంపడాన్నీ ఐరోపా సమాఖ్య నిషేధించింది, దొరికితే పారేస్తారు. పలాస జీడిపప్పు పంపమనండి, ఆ ఇంటికి కానుకగానూ పనికొస్తుంది. నెయ్యి మీరే కాచుకోవచ్చు. ఉప్పు లేని వెన్న పావుకిలో సన్నమంట మీద ఇరవై నిమిషాలు పెడితే సుమారు రెండొందల గ్రాములు వస్తుంది.

తెలుగువాళ్ళ కార్యక్రమాన్ని ఒక్కసారికే వదిలెయ్యకండి. ఈసారి అతిథిగా కాకుండా రెండు గంటల ముందు వెళ్ళి వడ్డనకో పిల్లల ముగ్గుల పోటీకో చెయ్యి కలపండి. చేతినిండా పని ఉన్నవాళ్ళను ఎవరూ మార్కులడగరు.

ఒక్క విషయం గమనించుకోండి. డిసెంబరులో అక్కడ ఎనిమిదింటికి తెల్లారి నాలుగింటికే చీకటి పడుతుంది, దానికే చాలామంది కుంగిపోతారు. రోజూ పగటివెలుగులో అరగంట నడవండి. నిద్ర, తిండి, క్లాసులు రెండు వారాలకు మించి చెడితే మాత్రం అది ఇంటి మీద బెంగ అనుకుని ఊరుకోకూడదు. మీ యూనివర్సిటీ విద్యార్థి సేవాసంస్థ, అంటే ష్టుడీరెండెన్‌వెర్క్‌లో కౌన్సెలింగ్ ఉంటుంది, అపాయింట్‌మెంట్ తీసుకోండి. రాత్రిపూట మరీ కష్టమైతే మనసు విప్పి మాట్లాడుకునే అక్కడి హెల్ప్‌లైన్ 0800 1110111కి ఫోన్ చెయ్యండి, ఉచితం. అమ్మకే దిగులెక్కువైతే మన దగ్గర మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416 ఉంది, తెలుగులో మాట్లాడతారు.

సంక్రాంతి మధ్య వారంలో పడి, పరీక్షలు దగ్గర్లో ఉంటే, దగ్గరి శనివారానికి జరుపుకోండి. జనవరి తడిలో బయట పిండిముగ్గు నిలవదు. 70 సెంటీమీటర్ల వెడల్పు, మీటరు పొడవున్న నల్ల చార్టు, సుద్దముక్కలు కొని హాస్టల్ ఉమ్మడి వంటింటి బల్ల మీద పరవండి. పదిహేను చుక్కలు, సందుచుక్క ఎనిమిది వచ్చేదాకా. చుక్కకీ చుక్కకీ నాలుగు సెంటీమీటర్లు వదిలితే ముగ్గు సరిగ్గా పడుతుంది. చుక్కలు మీరు పెట్టి, రంగులు ఆ జర్మన్ అమ్మాయినీ పక్క గదులవాళ్ళనూ నింపమనండి. ఏ ముగ్గన్నది మాత్రం ఈ ఆదివారమే అమ్మనడగండి. కాగితం మీద వేసి ఫోటో పంపమనండి.