దసరాకి వద్దండి, సంక్రాంతి చేసుకుని వెళ్ళండి

దసరా సెలవుల్లో పిల్లలతో లిటిల్ అండమాన్ వెళ్ళొచ్చా, కాకపోతే ఏ నెల మంచిది అని అడిగారు. జనవరి 20 నుంచి ఏప్రిల్ మొదటి వారం వరకు. అంతే. తొందరలో ఉంటే ఇక్కడితో ఆపేయొచ్చు. ఓపిక ఉంటే ఎందుకో చెప్తాను, ఎందుకంటే ఈ ప్రశ్నకి వచ్చిన జవాబులన్నీ "అక్టోబర్ నుంచి మే దాకా ఎప్పుడైనా వెళ్ళొచ్చు" అని ఒకటే పాట పాడుతున్నాయి, అది చదివితే నాకు ఒళ్ళు మండింది.

మా మేనమామ పోర్ట్ బ్లెయిర్‌లో ఎప్పటి నుంచో స్థిరపడ్డాడు. 2024 సెప్టెంబరులో ఆ ఊరికి శ్రీ విజయపురం అని పేరు మార్చారు గానీ మామయ్య ఇంకా పోర్ట్ బ్లెయిర్ అనే అంటాడు, నేనూ అంతే. ఆయన ఉండే జంగ్లీఘాట్ వైపు వెళ్తే మీరు అండమాన్‌లో ఉన్నారో భీమిలిలో ఉన్నారో తెలీదు, చేపల దగ్గర బేరం తెలుగులోనే, తిట్లు కూడా తెలుగులోనే. ఈ చుట్టరికం పుణ్యమా అని ఎండలో, వానలో, తుఫాను మబ్బుల్లో, అన్ని రకాల నెలల్లో ఆ దీవుల్లో తిరిగాను. కాబట్టి ప్యాకేజీ అమ్ముకునేవాళ్ళు చెప్పేదానికన్నా నా మాటకి కాస్త బరువు ఎక్కువే అనుకోండి.

ముందు ఒక సంగతి. "అక్టోబర్ నుంచి మే" అనే లెక్క హావ్‌లాక్, నీల్ దీవులు చూసి వచ్చేవాళ్ళ కోసం పుట్టింది. పోర్ట్ బ్లెయిర్ నుంచి హావ్‌లాక్‌కి ఏసీ ఫెర్రీలో రెండు గంటలు, అంతే. లిటిల్ అండమాన్ అలా కాదు. అది దక్షిణంగా దాదాపు 120 కిలోమీటర్ల దూరంలో ఉంది, దిగే రేవు పేరు హట్ బే, ప్రభుత్వ ఓడలో వెళ్ళాలి, అదీ తరచుగా రాత్రి ప్రయాణం. హెలికాప్టర్ ఉంది గానీ అందులో సీట్లు ముందు రోగులకి, అక్కడి జనానికి, ఆ తర్వాతే మీకు నాకు. అంటే లిటిల్ అండమాన్‌కి మంచి నెల ఏది అన్న ప్రశ్నకి అసలు అర్థం, ఓడ ఏ నెలలో చెప్పిన రోజున వస్తుంది, చెప్పిన రోజున వెనక్కి తీసుకెళ్తుంది అని. ఎండా వానా తర్వాత చూసుకోవచ్చు.

మీరు కోస్తా వాళ్ళయితే ఇది మీకు నేను చెప్పక్కర్లేదు. "దక్షిణ అండమాన్ సముద్రంలో అల్పపీడనం ఏర్పడింది" అని టీవీలో ఏ నెలల్లో వింటామో ఒకసారి గుర్తు చేసుకోండి. అక్టోబరు, నవంబరు, డిసెంబరు. 2014లో హుద్‌హుద్ అక్టోబరు 12న విశాఖ మీద పడింది కదా, అంతకు నాలుగు రోజుల ముందే, 8వ తారీఖున, అది అండమాన్ దీవుల మీదుగా దాటింది. 2016 డిసెంబరులో వర్దా చెన్నై మీదకి వెళ్ళడానికి ముందు హావ్‌లాక్, నీల్‌లలో వందల మంది టూరిస్టులు చిక్కుకుపోతే నేవీ, కోస్ట్ గార్డ్ వెళ్ళి తీసుకురావాల్సి వచ్చింది. రెండు గంటల దూరంలో ఉన్న హావ్‌లాక్ పరిస్థితే అది. ఇక హట్ బే సంగతి మీరే ఊహించుకోండి.

ఊహించడం ఎందుకు, మా కథే చెప్తాను.

ఒక ఏడాది దీపావళి సెలవులకి నేను, మా ఆవిడ, మా అత్తయ్య వెళ్ళాం. టికెట్లు చేసిన విశాఖ ఏజెంటు (పేరెందుకు లెండి) "అక్టోబరు దాటింది సార్, ఫుల్ సీజన్, కళ్ళు మూసుకుని వెళ్ళండి" అన్నాడు. హట్ బేలో దిగిన రోజు బాగానే ఉంది. మర్నాడు బట్లర్ బే బీచ్‌కి వెళ్ళాం, నిజంగా చాలా పొడుగు బీచ్, మేము తప్ప మనిషి లేడు. మధ్యాహ్నానికి గాలి తిరిగింది. రాత్రి రేకుల మీద వాన మొదలైందంటే ఒకళ్ళ మాట ఒకళ్ళకి వినపడలేదు. తెల్లారి వెనక్కి వెళ్ళే ఓడ కోసం సామాన్లతో జెట్టీకి పోతే అక్కడ ఊరు ఊరంతా ఉన్నట్టుంది. కాలేజీకి వెళ్ళాల్సిన పిల్లలు, నెలలు నిండిన ఒకావిడ, వక్కల బస్తాలు, కోళ్ళ బుట్టలు, ఒక పెళ్ళి బృందం. సునామీ దెబ్బ తిన్న ఊరది, 2004లో ఆ రేవు ఎంత పాడైందో అక్కడివాళ్ళు చెప్తుంటే విన్నాను. ఇప్పుడు రాళ్ళ కట్ట మీద నుంచి అలలు ఇటువైపుకి దూకుతున్నాయి. మైకులో హిందీలో ఏదో అన్నారు. జనం గొడవ చెయ్యలేదు, తిట్టలేదు, మూటలు ఎత్తుకుని ఇంటిదారి పట్టారు. వాళ్ళకి అలవాటు. ఓడ అసలు పోర్ట్ బ్లెయిర్‌లోనే బయల్దేరలేదట.

జెట్టీ దగ్గర టీ కొట్టాయన సోంపేట వైపు మనిషి, మా మాటలు విని పలకరించాడు. "ఇప్పుడెందుకొచ్చేరు బాబూ? సంక్రాంతి చేసుకొని రావలసింది. అప్పుడు సముద్రం చెరువునాగ ఉంటాది" అన్నాడు. ఎప్పుడు వస్తుంది ఓడ అంటే ఆకాశం వైపు చూసి టీ వడకట్టుకున్నాడు.

ఆ తర్వాత రోజుల్లో ఊళ్ళో ముందు అయిపోయింది పాలు. తర్వాత టమాటాలు. ఉల్లిపాయల రేటు పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. సరుకంతా ఓడ మీదే రావాలి కదా, ఓడ ఆగితే వంటిల్లు ఆగినట్టే. లాడ్జి ఆయన బెంగాలీ, మంచివాడే పాపం, రోజూ పప్పు, అన్నం, చేపలు పెట్టాడు, ఏమీ దాచుకోలేదు. కరెంటు వస్తూ పోతూ ఉండేది. నాకు ఆఫీసు టెన్షన్, చెన్నై ఫ్లైటు టికెట్ డబ్బులు పోయాయి, ఫోన్ సిగ్నల్ లేదు. అప్పటికింకా సముద్రం కింద కేబుల్ వెయ్యలేదు, 2020 ఆగస్టులో అది వచ్చాక పరిస్థితి చాలా మారింది.

మా అత్తయ్యకి ఈ బాధలేవీ లేవు. ఆవిడ బాధల్లా ఒకటే, నాగుల చవితి వచ్చేస్తోంది, పుట్టలో పాలు పొయ్యాలి. ఇంట్లో ఉంటే పొయ్యకుండా ఏనాడూ ఊరుకోలేదట, ఈ దిక్కుమాలిన దీవిలో పుట్ట ఎక్కడ వెతకాలి అని ఒకటే గోల. చివరికి లాడ్జి వెనక కొబ్బరి తోట చివర ఒక మట్టి దిబ్బ కనిపించింది. అది పుట్టో కాదో నాకు తెలీదు, ఆవిడ మాత్రం పుట్టే అని తేల్చేసింది. మరి పాలు? టీ కొట్టాయన పాలపొడి పొట్లం ఇచ్చి డబ్బులు తీసుకోలేదు. గోరువెచ్చని నీళ్ళలో పాలపొడి కలిపి, గొడుగు నేను పట్టుకుంటే, మా అత్తయ్య వానలో నాగదేవతకి పాలు పోసింది. చిమ్మిలి చెయ్యడానికి నువ్వులు దొరకలేదని లాడ్జి ఆయన ఇచ్చిన బిస్కెట్లే నైవేద్యం. టీ కొట్టాయన దూరం నుంచే "అమ్మా, మరీ దగ్గరకి పోకండి, ఇక్కడ నిజం పాములే ఉంటాయి" అని కేకలు. మా ఆవిడ నవ్వు ఆపుకోలేక లోపలికి పారిపోయింది. ఇప్పటికీ మా ఇంట్లో ఎవరైనా పాలపొడి టీ పెడితే ఈ కథంతా మొదటి నుంచి వినాల్సిందే.

ఓడ వచ్చిన రోజు టికెట్ల లైన్ చూడాలి మీరు. ముందు రోగులు, తర్వాత ద్వీపవాసులు, తర్వాత మిగిలినవాళ్ళు. న్యాయమే, నేను తప్పు పట్టను. బంక్ క్లాసులో సీట్లు దొరికాయి. ఆ రాత్రి ఓడ ఎంత ఊగిందో నేను వర్ణించను, తినే టైములో చదువుతున్నవాళ్ళు ఉంటారు.

అదే ఊరికి తర్వాత ఒక ఫిబ్రవరిలో వెళ్ళాను. టీ కొట్టాయన అన్నది అక్షరాలా నిజం. ఓడ చెప్పిన టైముకి వచ్చింది, డెక్ మీద కూర్చుని కబుర్లు చెప్పుకుంటూ వెళ్ళాం, జెట్టీ మీద నిలబడి కిందకి చూస్తే నీళ్ళలో చేపలు కనిపించాయి. బట్లర్ బేలో నీళ్ళ రంగు ఫోటోల్లో చూసిన రంగే.

ఇక మిగతా నెలలు గబగబా చెప్పేస్తాను. నైరుతి మనకన్నా, కేరళకన్నా ముందు అక్కడికే వస్తుంది, మామూలుగా మే మూడో వారంలో. అక్కడి నుంచి సెప్టెంబరు దాకా వానే వాన. ఏడాదికి 3000 మిల్లీమీటర్ల చొప్పున పడుతుంది, మన విశాఖకి రెండున్నర రెట్లకి పైనే. "ఆఫ్ సీజన్ డిస్కౌంట్" అని ఎవడైనా జులైలో అంటగడితే గది కిటికీలోంచి వాన చూడ్డానికి డిస్కౌంటు ఎందుకని అడగండి. డిసెంబరు ఆఖరు వారంలో జనం ఎక్కువ, రేట్లు ఎక్కువ, పైగా సాయంత్రం ఐదింటికే చీకటి. మన గడియారమే వాళ్ళదీ, సూర్యుడు మాత్రం అక్కడ చాలా ముందు లేచి ముందు పడుకుంటాడు. అయితే జలపాతాలు చూడాలని ఉంటే, వైట్ సర్ఫ్, విస్పర్ వేవ్ అని రెండున్నాయి, వాటికి జనవరే మంచిది, మార్చి వచ్చేసరికి నీళ్ళు పలచబడతాయి. సర్ఫింగ్ చేసే కుర్రాళ్ళు మార్చి మధ్య నుంచి వస్తారు, అలలు అప్పుడు బాగుంటాయట, నాకా పిచ్చి లేదు.

2022 మార్చిలో కూడా అండమాన్ పక్కన వాయుగుండం వచ్చింది కదా అని కింద ఎవరో ఒకరు కామెంట్ పెడతారు. వచ్చింది, తెలుసు. ఒక్క మార్చిని చూపించి అన్ని మార్చిలనీ తిట్టకూడదు.

అడగలేదు గానీ ఇంకో మాట. కొందరు "అక్కడి ఆదివాసులని చూపిస్తాం" అని గుసగుసగా చెప్తారు. లిటిల్ అండమాన్‌లో ఒంగే తెగవాళ్ళు ఉండే డుగాంగ్ క్రీక్ వైపు మనం వెళ్ళకూడదు, అది రిజర్వు, 1956 నుంచి చట్టం ఉంది. మనుషుల్ని జూలో చూసినట్టు చూడ్డానికి డబ్బులిచ్చే వాళ్ళని చూస్తే నాకు అసహ్యం. అలాగే ఖాళీ బీచ్ కనపడగానే బ్లూటూత్ స్పీకరు తీసే మనవాళ్ళు, మీరు దయచేసి ఆర్కే బీచ్‌లోనే ఉండండి. వాగులు సముద్రంలో కలిసే చోట పిల్లల్ని నీళ్ళలోకి దింపకండి, మొసళ్ళుంటాయి, ఉప్పునీటివి, సరదా కాదు. ఇసుక ఈగలకి కొబ్బరినూనె రాసుకుని వెళ్ళండి, కుట్టాక గోకితే వారం రోజుల పని.

మీ సంగతికొస్తే, దసరాకే వెళ్ళి తీరాలంటే హావ్‌లాక్, నీల్‌తో ఆపేయండి, అది కూడా టికెట్ క్యాన్సిల్ చేసుకునే వీలుంటేనే. హట్ బే చూడాలంటే ఫిబ్రవరిలో పిల్లల చేత ఒక వారం బడి మాన్పించండి. ఒంటిపూట బడులు పెట్టడానికి నెల ముందు ఆ వారంలో వాళ్ళు ఏం నేర్చుకుంటారో నాకు తెలుసు, రివిజన్ పేరుతో పాత పేపర్లు మళ్ళీ రాయించడమే. మన స్కూళ్ళు సెలవులిచ్చే మూడు సార్లలో రెండు సార్లు సముద్రం బాగుండదు, సంక్రాంతికి బాగుండటం మొదలవుతుంది గానీ అప్పుడు ఊరొదిలి ఎవరెళ్తారు చెప్పండి. వెళ్ళినప్పుడు హట్ బేని ప్రయాణం మొదట్లోనే పెట్టుకోండి, చివర్లో వద్దు, వెనక్కి వచ్చాక పోర్ట్ బ్లెయిర్‌లో రెండు రోజులు ఖాళీగా ఉంచి ఆ తర్వాతే ఫ్లైటు బుక్ చెయ్యండి. చేతిలో నగదు ఉంచుకోండి. పిల్లలు ఏ తరగతో మీరు రాయలేదు, పదో తరగతి అయితే మాత్రం నన్ను అడక్కండి, మీ ఆవిడని అడగండి.