జ్ఞానస్నానం పాఠం చెప్పబోయే అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

ఈ ఏడు నాలుగు, అయిదు తరగతుల పిల్లకాయల జ్ఞానోపదేశం నీకు అప్పగించారని తెలిసి సంతోషించాను. జ్ఞానస్నానం (బాప్తిస్మం) పాఠం ఎట్లా మొదలుపెట్టాలని అడిగావు. దివ్యసంస్కారాలు ఏడు, అందులో మొదటిది ఇది, దాని నిర్వచనం ఇది అని బోర్డు మీద రాసి బట్టీ పట్టిస్తే పరీక్షలో మార్కులు వస్తాయి. కానీ ఆ బిడ్డ తన నెత్తిన నీళ్లు పడిన సంగతిని తనదిగా అనుకోడు. పసికందుగా ఉన్నప్పుడు తెలియకుండా అందుకున్నదాన్ని ఇప్పుడు తెలిసి తనదని చెప్పుకోవాలి. నువ్వు చేయించాల్సింది అదే. మిగతాది కాస్త తగ్గినా ఫరవాలేదు.

ముందు అదను చూసుకో. జనవరిలో యేసు ప్రభువు జ్ఞానస్నాన పండుగ వస్తుంది గదా, అప్పుడే చెప్పేద్దామని కొందరు టీచర్లు అంటారు. ఆ రోజు మత్తయి సువిశేషం మూడో అధ్యాయం చదివించు, చాలు. అసలు పాఠాన్ని ఈస్టరుకు ముందు వచ్చే తపస్సుకాలంలో నాలుగు ఆదివారాలకు సర్దుకో. పాస్కా జాగరణ రాత్రి, అంటే ఈస్టరు ముందు రాత్రి, పాపాన్ని విడనాడుతున్నారా, దేవుణ్ణి విశ్వసిస్తున్నారా అని గురువు (ఫాదరు) అడిగితే, గుడిలో అందరూ క్రొవ్వొత్తులు పట్టుకుని జ్ఞానస్నాన ప్రమాణాలు మళ్లీ చెబుతారు. పాఠం విన్న కొద్ది రోజులకే పిల్లకాయలు ఆ ప్రశ్నలకు సొంత నోటితో జవాబు చెప్పే అవకాశం ఏడాదిలో ఇంకెప్పుడూ రాదు. ఆదివారానికి నలభై నిమిషాలు చాలు. పూజ అయ్యేసరికి ఆకలి మీద ఉంటారు, అంతకంటే సాగదీయబాక.

మొదటి ఆదివారం క్లాసు గదిలో కూర్చోబెట్టబాక. నేరుగా గుడి వాకిట్లోకి తీసుకుపో. పసిబిడ్డల జ్ఞానస్నానం అక్కడే మొదలవుతుంది: గురువు ఎదురొచ్చి బిడ్డకు ఏం పేరు పెట్టారని, శ్రీసభ (కథోలిక సంఘం) నుంచి ఏం కోరుతున్నారని తల్లిదండ్రులను అడుగుతారు. తర్వాత బిడ్డ నుదుట సిలువ గుర్తు వేస్తారు. తల్లిదండ్రుల చేత, విశ్వాసంలో బిడ్డకు తోడుండే జ్ఞాన తల్లిదండ్రుల చేత కూడా వేయిస్తారు. ఈ ప్రశ్నలు, జవాబులు పిల్లకాయల చేతనే చెప్పించు. ఇద్దరు తల్లిదండ్రులు, ఇద్దరు జ్ఞాన తల్లిదండ్రులు, ఒకరి చేతిలో బొమ్మ. మన ఇళ్లలో జ్ఞానస్నానమంటే కొత్త గౌను, బిర్యానీ, పేరు పెట్టడం. అందుకని పిల్లకాయలు దాన్ని పేరు పెట్టే పండుగ అనే అనుకుంటారు. వాకిట్లో నిలబెట్టి ‘శ్రీసభ నుంచి ఏం కోరుతున్నారు’ అని అడిగితే, పేరు అడగడం ఆరంభమేననీ అసలు సంగతి లోపల ఉందనీ వాళ్లకే తోస్తుంది.

పేర్ల దగ్గర ఒక జాగ్రత్త. మన పిల్లకాయల్లో చాలామందికి బడిలో ఒక పేరు, గుడిలో ఒక పేరు ఉంటాయి. దాని వెనక సర్టిఫికెట్ల బాధలు ఉంటాయి, ఇంటి పెద్దల నిర్ణయాలు ఉంటాయి. నీకు రెండు పేర్లెందుకని పదిమందిలో ఏ బిడ్డనూ అడగబాక. ‘నీ జ్ఞానస్నాన పేరు ఏ పునీతులది?’ అని మాత్రం అడుగు.

ఆ రోజే ఒక పని ఒప్పజెప్పు. పోస్టుకార్డంత అట్టముక్క మీద తన జ్ఞానస్నానం తేదీ, గుడి పేరు, ఇచ్చిన గురువు పేరు, జ్ఞాన తల్లిదండ్రుల పేర్లు రాసుకురావాలి. నాలుగు వారాలు గడువియ్యి, ఎందుకంటే ఇక్కడే చిక్కు వస్తుంది. మన వైపు కాన్పుకు తల్లి పుట్టింటికి పోతుంది. బిడ్డకు జ్ఞానస్నానం కూడా చాలాసార్లు అక్కడి విచారణలోనే, అంటే ఆ ఊరి గుడి పరిధిలోనే, అయిపోతుంది. ఇక్కడి రిజిస్టరు ఎంత తిరగేసినా పేరు కనపడదు. వెంటనే ‘వీడికి కాలేదేమో’ అనుకోబాక. అమ్మమ్మ ఊరి విచారణకు ఫోను చేయించు. జ్ఞానస్నానం ఎక్కడ జరిగితే ఆ విచారణ పుస్తకంలోనే రాస్తారు. తర్వాత భద్రమైన అభ్యంగనం (కన్ఫర్మేషన్), పెళ్లి వివరాలు కూడా ఆ వరుసలోకే చేరతాయి. ఈ సంగతి పెద్దలకు కూడా సరిగా తెలియదు.

రెండో ఆదివారం నీళ్లు. ఎక్కువ శ్రద్ధ ఇక్కడ పెట్టు.

బల్ల మీద నాలుగు సీసాలు పెట్టు: బోరు నీళ్లు, సముద్రం నీళ్లు, కొబ్బరి నీళ్లు, పాలు. వీటిలో దేనితో జ్ఞానస్నానం ఇవ్వొచ్చో చెప్పమను. సముద్రం నీళ్లు పనికిరావని సగం మంది అంటారు, కొబ్బరి నీళ్లు పవిత్రం గదా అని ఇంకొందరు అంటారు. నిజం నీళ్లయితేనే చెల్లుతుంది. ఉప్పు నీళ్లయినా, బావి నీళ్లయినా, పెన్నా నీళ్లయినా సరే. పాలు, కొబ్బరి నీళ్లు, పన్నీరు చెల్లవు. ఈ ఒక్క ఆటతో తరగతి మొత్తం నీ చేతిలోకి వస్తుంది, తర్వాత చెప్పేది గమ్మున వింటారు.

అప్పుడు నీళ్ల గురించి మాట్లాడు. కనిగిరి వైపు పిల్లకాయలకు నీళ్లు లేకపోవడమంటే ఏందో తెలుసు, తీరం వైపు వాళ్లకు తుపాను నీళ్లంటే ఏందో తెలుసు. బతికించేవీ నీళ్లే, ముంచేవీ నీళ్లే. ఎర్రసముద్రంలో ఫరో సైన్యం మునిగింది, ఇశ్రాయేలు ప్రజలు దాటారు. క్రీస్తుతో పాటు మరణించి ఆయనతో పాటు లేస్తామని పౌలు రోమీయులకు రాసిన లేఖ ఆరో అధ్యాయంలో చెప్పింది ఇదే. టీచర్లలో ఎక్కువమంది ‘నీళ్లు మురికి కడుగుతాయి, జ్ఞానస్నానం పాపం కడుగుతుంది’ అనే ఒక్క మాటతో ఆపేస్తారు. అది నిజమే గానీ సగమే. మరణం, పునరుత్థానం చెప్పకపోతే పాస్కా పండుగకూ ఈ జ్ఞానస్నానపు తొట్టికీ ఉన్న సంబంధం తెగిపోతుంది.

ఇక పోయడం చూపించు. ఒక బొమ్మ, ఒక చెంబు, కింద ఒక గిన్నె, ఒక తువాలు. పావు లీటరు నీళ్లు చాలు. మూడుసార్లు పోయాలి, ‘పిత’ అన్నప్పుడు ఒకసారి, ‘పుత్ర’ అన్నప్పుడు ఒకసారి, ‘పవిత్రాత్మ’ అన్నప్పుడు ఒకసారి. నీళ్లు తల మీద పారాలి. తడి వేలితో నుదుట రుద్దితే చాలదు. గుడి వాకిట్లో తీర్థంలో వేలు ముంచి సిలువ గుర్తు వేసుకునే అలవాటుంది కాబట్టి పిల్లకాయలు బొమ్మకు కూడా అట్లాగే చేస్తారు, సరిచెయ్యి. ‘పిత, పుత్ర, పవిత్రాత్మ నామమున నేను నీకు జ్ఞానస్నానం ఇస్తున్నాను’ అనే మాటల్లో ‘నేను నీకు’ అనే ఉండాలి. ‘మేము నీకు జ్ఞానస్నానం ఇస్తున్నాం’ అని మార్చి చెబితే అది చెల్లదని, అట్లా పొందినవాళ్లకు మళ్లీ ఇవ్వాలని 2020 ఆగస్టులో వాటికన్ తేల్చి చెప్పింది. పోసే చెయ్యి గురువుదే, ఇచ్చేది క్రీస్తు. పదిమంది కలిసి చేసుకునే వేడుకగా దాన్ని మార్చకూడదు. పిల్లకాయలకు ఇంతవరకు చెబితే చాలు.

బొమ్మతో చేయించే ముందు విచారణ గురువులకు చెప్పి ఒప్పుదల తీసుకో. ఏ పరిస్థితిలోనూ పిల్లకాయల నెత్తిన నీళ్లు పోసి ఆ మాటలు అననీయబాక. జ్ఞానస్నానం ఇచ్చే ఉద్దేశం లేకుండా అన్నదానితో సంస్కారం జరగదు, నిజమే. కానీ నీ తరగతికి పక్కింటి హిందువుల పిల్లకాయలు కూడా స్నేహితులతో వస్తుంటారు. వాళ్ల నెత్తిన నీళ్లు పడితే రేపు ఇంట్లో గొడవ అవుతుంది, ఆ బిడ్డకు కూడా తనకు అయిందో లేదో తెలియని అయోమయం మిగులుతుంది. జ్ఞానస్నానం కాని పిల్లకాయలను వెనక్కి నెట్టబాక. కార్డు బదులు వాళ్ల చేత యేసు జ్ఞానస్నానం పొందిన యొర్దాను నది బొమ్మ గీయించు. ఏడేళ్లు దాటినవాళ్లు కోరుకుంటే పెద్దవాళ్లకు మల్లే వాళ్లకూ ఉపదేశం, సమయం కావాలి. అది తల్లిదండ్రులతో, గురువులతో తేలాల్సిన సంగతి.

జన్మపాపం గురించి ఎవరో ఒకరు అడుగుతారు. బిడ్డ తప్పు చేసిందని ఎన్నడూ అనబాక. అది చేసిన పాపం కాదు, ఆది తల్లిదండ్రుల నుంచి మనకు సంక్రమించిన స్థితి, దేవుని వరప్రసాదం లేని స్థితి. వెంటనే ఇంకో ప్రశ్న వస్తుంది, అది నీ గుండెను తాకుతుంది: ‘మా తమ్ముడు పుట్టగానే చచ్చిపోయాడు, వాడికి జ్ఞానస్నానం కాలేదు, వాడెక్కడున్నాడు?’ భయపెట్టే మాట ఒక్కటి కూడా రానీయబాక. పసివాళ్లను నా దగ్గరకు రానివ్వండని చెప్పిన ప్రభువు కరుణకే శ్రీసభ అట్లాంటి బిడ్డలను అప్పగిస్తుంది, వాళ్ల రక్షణ కోసం నమ్మకంతో ఎదురుచూస్తుంది. ఇది శ్రీసభ బోధనా గ్రంథమైన సత్యోపదేశంలో ఉన్న మాట, నీ సొంత ఓదార్పు కాదు. అందుకే ధైర్యంగా చెప్పు.

మూడో ఆదివారం తైలం, తెల్లబట్ట, క్రొవ్వొత్తి. తైలాలు రెండు: నీళ్లకు ముందు ఛాతీ మీద పూసేది, నీళ్ల తర్వాత నడినెత్తిన పూసే క్రిస్మా తైలం. మొదటిది వట్టి నూనె. రెండోదాంట్లో సుగంధ ద్రవ్యం కలుస్తుంది. పాస్కాకు ముందు బిషప్పు గారు తన పరిధి అయిన మేత్రాసన గురువులందరి మధ్య దాన్ని అభిషేకిస్తారు. సీసాలను పిల్లకాయల చేతికియ్యకుండా గురువుల చేతనే మూత తీయించి వాసన చూపించు. కొబ్బరి నూనెలో సెంటు కలిపి ‘ఇట్లా ఉంటుంది’ అని చూపించే పని మాత్రం చేయబాక. ఆ తైలం గుర్తుచేసే ముద్ర పచ్చబొట్టు లాంటిది, చెరగదు. అందుకే జ్ఞానస్నానం ఒక్కసారే. తెలుపు దగ్గర ఒక బిడ్డ ‘తెల్లచీర ముసలమ్మలు కడతారు గదా’ అంటుంది. మన ఊళ్లలో ఆ అర్థం ఉంది, కాదనబాక. ఇక్కడ మాత్రం క్రీస్తును ధరించాం అని చెప్పడానికి.

క్రొవ్వొత్తిని పాస్కా క్రొవ్వొత్తి నుంచే వెలిగించాలి. ఫ్యాన్లు ముందే ఆపించు, లేకపోతే ఒకటి ఆరిపోతుంది, అగ్గిపెట్టె తీస్తావు, పాఠం అక్కడే పోతుంది. ఆరితే మళ్లీ పాస్కా క్రొవ్వొత్తి దగ్గరకే పంపు. అడుగున అట్టముక్క గుచ్చు, జడలు ముందుకు వేసుకున్న ఆడపిల్లలను వరుసకు ఒక పక్కన నిలబెట్టు.

నాలుగో ఆదివారం ప్రశ్నలకు వదిలెయ్యి. మన జిల్లాల్లో తప్పకుండా వచ్చే ప్రశ్న ఒకటుంది: ‘మా పిన్ని వాళ్లు బాప్టిస్టులు, పెద్దయ్యాక నీళ్లలో ముంచుతారు, మనకు పసితనంలోనే ఎందుకు?’ ఆ పిన్ని వాళ్లను తక్కువ చేసే మాట ఒక్కటీ రాకూడదు. గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర 1878 జూలై 3న ఒక్క రోజులో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్న నేల ఇది. మన చుట్టాల్లో సగం మంది ఆ కుటుంబాల వాళ్లే. నీళ్లతో, పిత పుత్ర పవిత్రాత్మ నామమున ఇచ్చిన వాళ్ల బాప్తిస్మాన్ని శ్రీసభ ఒప్పుకుంటుంది. వాళ్లు మన దగ్గరకు వచ్చినా మళ్లీ ఇవ్వదు. ముంచడం మనకూ ఉంది, పోయడంతో పాటు అదీ అనుమతించిన పద్ధతే. పసివాళ్ల సంగతికి అపోస్తలుల కార్యములు పదహారో అధ్యాయం చదివించు: చెరసాల అధికారి ఆ రాత్రే ఇంటిల్లిపాదితో జ్ఞానస్నానం పొందాడు. తల్లిదండ్రులు, జ్ఞాన తల్లిదండ్రులు బిడ్డ తరఫున విశ్వాసం ప్రకటిస్తారు, బిడ్డ పెరిగి దాన్ని తన నోటితో చెబుతాడు. పాస్కా జాగరణలో వాళ్లు చేయబోయేది అదే. ‘విడనాడుతున్నాం’, ‘విశ్వసిస్తున్నాం’ అన్న జవాబులు రెండు మూడుసార్లు పలికించు, గొంతు గట్టిగా రావాలి.

మేనమామనే జ్ఞానతండ్రిగా పెట్టాలా అని కూడా అడుగుతారు. ఆయన కథోలికుడై, పదహారేళ్లు నిండి, భద్రమైన అభ్యంగనం, పూజలో ఇచ్చే సత్ప్రసాదం పొంది ఉంటే పెట్టొచ్చు. బాప్టిస్టు అయితే ఒక కథోలిక జ్ఞాన తల్లి గానీ తండ్రి గానీ పక్కన ఉండగా సాక్షిగా నిలబడొచ్చు.

పెద్ద పిల్లకాయలుంటే ఇంకొకటి నేర్పు. చావు ముంచుకొచ్చి గురువు అందకపోతే ఎవరైనా జ్ఞానస్నానం ఇవ్వొచ్చు, శ్రీసభ చేసేదే చేయాలన్న ఉద్దేశం ఉంటే చాలు. మామూలు నీళ్లు, ఆ మాటలే. తర్వాత విచారణ గురువులకు చెప్పి పుస్తకంలో రాయించాలి. బిడ్డ బతికితే మిగిలిన తైలం, బట్ట, క్రొవ్వొత్తి గుడిలో పూర్తిచేస్తారు, నీళ్లు మళ్లీ పోయరు. ఆటల్లో చేయకూడదని గట్టిగా చెప్పు.

కార్డులు ఇళ్లకు పంపే ముందు తేదీలన్నీ రిజిస్టరుతో ఇంకోసారి సరిచూడు. రిజిస్టరులో పేరు అక్షరాలు తప్పుంటే నువ్వు దిద్దబాక, తల్లిదండ్రులను గురువుల దగ్గరకు పంపు. అమ్మమ్మ ఊరి నుంచి ఇంకా రాని తేదీలకు ఖాళీ వదిలి, పెన్సిలుతో ఆ విచారణ పేరు రాసిపెట్టు.

ఇట్లు
మీ పెదనాన్న