వన్ లాఫ్ట్ రేసుకి పావురం పిల్లల్ని పంపితే డబ్బు దండగేనా?

బొబ్బిలిలో డిగ్రీ చదువుతున్న ఒక తమ్ముడు అడిగాడు: "నా దగ్గర రెండు జతల హోమర్లు (దూరం నుంచి వదిలినా గూటికి తిరిగొచ్చే రేసు పావురాలు) ఉన్నాయి. ఇక్కడ క్లబ్బూ లేదు, రేసులూ లేవు. తమిళనాడులో జరిగే వన్ లాఫ్ట్ రేసుకి (అందరి పిల్లల్నీ ఒకే లాఫ్ట్‌లో, అంటే ఒకే గూట్లో పెంచి ఎగరేసే పందెం) పిల్లల్ని పంపుదామనుకుంటున్నా. లాభం ఉంటుందా, డబ్బు దండగా?"

పంపు తమ్ముడూ. మన శ్రీకాకుళం, విజయనగరం వాళ్లకి సొంత పావురం సత్తా తెలుసుకోవడానికి ఇంతకన్నా మంచి దారి లేదు. అయితే ప్రైజు మనీ చూసి లాఫ్ట్ ఎంచుకోకు. అక్కడ మేత వేసేది ఎవరో కనుక్కుని ఎంచుకో. నేను చెప్పాలనుకున్నది అసలు ఇదే.

క్లబ్బు రేసులో ఎవరి పావురం వాళ్ల గూటికి చేరుతుంది. దూరాలు వేరు కాబట్టి నిమిషానికి ఎన్ని మీటర్లు ఎగిరిందో లెక్కకట్టి గెలుపు తేలుస్తారు. గాలి ఎటు వీస్తే అటువైపు గూళ్ల వాళ్లకి కలిసొస్తుంది. వన్ లాఫ్ట్‌లో ఆ గొడవే లేదు. అందరి పిల్లలూ ఒకే చేతి మేత తిని, ఒకే బండిలో వెళ్లి, ఒకే గుమ్మంలో దిగుతాయి. చెన్నైలో ఏళ్ల తరబడి హోమర్లు పెంచుతున్న వాళ్ల పిల్లా, మీ బొబ్బిలి మేడ మీద పుట్టిన పిల్లా ఒకే దండెం మీద కూర్చుంటాయి. ముందు దిగిందే ముందు.

పైగా ఇక్కడ క్లబ్బు పెడదామన్నా మనుషులేరీ? మన జిల్లాల్లో పావురాలు పెంచేవాళ్లు చాలామందే ఉన్నారు గానీ ఎక్కువగా గిరిబాజులు, లక్కాలు లాంటి వేరే జాతులు. హోమర్ అంటే "అది అందంగా ఉండదు కదా" అంటారు. ఇక మా ఇంటికి పావురం కోసం వచ్చేవాళ్లలో చాలామంది వచ్చేది పక్షవాతం వచ్చిన మనిషికి దాని నెత్తురు రాయడానికి! ఎన్నిసార్లు చెప్పినా వినరు. పక్షవాతం వస్తే గడ్డ కరిగించే ఇంజక్షన్ నాలుగున్నర గంటల్లోపే పని చేస్తుంది. ఆ నాలుగున్నర గంటలూ పావురం కోసం వీధులు తిరిగితే మనిషికి కాలూ చెయ్యీ పోతాయి. పావురం ప్రాణం ఎలాగూ పోతుంది. నేను ఒక్కటి కూడా ఇవ్వను. ఆటో పిలిచి ఆసుపత్రికి పంపిస్తాను.

ఇంకో రకం మా చుట్టాలు. "పావురాలు పెంచితే ఇల్లు గుల్లవుతుందిరా" అంటారు. మన పక్కనే ఒడిశా పోలీసులు 1946 నుంచి పావురాలు పెంచుతున్నారు, బెల్జియం హోమర్లతో సహా. 1982 వరదల్లో బంకి ఊరికి దారులన్నీ తెగిపోతే కబురు మోసింది ఆ పావురాలే. 1999 సూపర్ సైక్లోన్‌కి ఫోన్లూ వైర్‌లెస్సూ పడిపోయినప్పుడూ అవే ఎగిరాయి. తుఫాను అంటే ఏంటో మనకి ఎవరూ చెప్పక్కర్లేదు. తిత్లీ రాత్రి పలాస, వజ్రపుకొత్తూరు వైపు ఉన్నవాళ్లని అడిగితే చాలు. అలాంటి పక్షిని పట్టుకుని అరిష్టం అంటే నాకు ఒళ్లు మండుతుంది.

సరే, మేత వేసే చేయి అన్నాను కదా, ఇలాంటి రేసుకే మేం పంపిన మా నీలం చెకర్ (రెక్కల మీద గళ్లుండే రంగు) పెట్ట సంగతి చెప్తా.

ఫైనల్ రోజు పొద్దున్న ఆరున్నరకి వదిలేశామని మెసేజ్ వచ్చింది. దూరం దాదాపు 300 కిలోమీటర్లు. ఎండ లేకుండా, గాలి ఎదురు లేకుండా ఉంటే మంచి హోమర్ గంటకి 70 కిలోమీటర్లు లాగుతుంది కాబట్టి పదకొండు లోపు చూస్తామని లెక్కేసుకున్నాం. శ్రీకాకుళం డే అండ్ నైట్ జంక్షన్ దగ్గర మా బావది సెల్‌ఫోన్ షాపు. కౌంటర్ మీద ఛార్జర్ల డబ్బాకి ఫోన్ ఆనించి లైవ్ పెట్టుకుని కూర్చున్నాం. కనిపించేది రేకుల కప్పు, దాని ముందు చెక్క బల్ల, ట్రాప్ (పావురం గూట్లోకి దూరే గుమ్మం) ఊచలు. గంటల తరబడి అదే బొమ్మ. అయినా కళ్లు తిప్పబుద్ధి కాదు.

పదిన్నర దాటాక మొదటి గుంపు దిగింది. అందులో మాది లేదు. కాసేపటికి ఒక్కటే వచ్చి కప్పు మీద వాలింది. "అదిగో బావా, తెల్ల ఈక!" అని అరిచాను. మా పెట్టకి ఎడమ రెక్కలో ఒక్క ఈక తెలుపు. రెక్క మడిస్తే అంచున సున్నంతో గీత గీసినట్టు ఉంటుంది. అదే, అనుమానం లేదు. అప్పటికి ట్రాప్ దాటినవి పట్టుమని పది లేవు.

అది దిగలేదు. కాలి చిప్ రింగు గుమ్మంలో ఉన్న ప్యాడ్ మీదకి వస్తేనే టైము నమోదవుతుంది. కప్పు మీద ఉన్నంతసేపూ అది ఇంకా దారిలో ఉన్నట్టే లెక్క. మా పెట్ట తీరిగ్గా ఒళ్లు దులుపుకుంది. ముక్కుతో రొమ్ము ఈకలు సర్దుకుంది. అంచు దాకా నడిచి కిందికి చూసింది, మళ్లీ వెనక్కి వెళ్లింది. కింద ఒక కుర్రాడు గింజల డబ్బా ఆడిస్తూనే ఉన్నాడు. దాని పక్కన వాలిన పావురాలు ఒక్కొక్కటీ బల్ల మీదకి దూకి లోపలికి దూరిపోతున్నాయి. మా బావ ఫోన్ పట్టుకుని "దిగే! దిగు తల్లీ!" అంటున్నాడు. గ్లాస్ వేయించుకోవడానికి వచ్చిన ముసలాయన "ఏటి బాబూ, ఏ మేచ్చు?" అని అడిగాడు. జవాబు చెప్పే స్థితిలో ఎవరూ లేం. ఆ టెన్షన్ పగవాడికి కూడా వద్దు.

ఏడెనిమిది నిమిషాల తర్వాత దిగింది. ముప్పైకి అవతల పడింది.

పావురంలో ఏ లోపమూ లేదు. ఆ దూరం అంత వేగంగా వచ్చిన పిట్ట చివరి నాలుగు అడుగులు ఎందుకు వేయలేదు? కడుపు నిండుగా ఉంది కాబట్టి. రేసు పావురం డబ్బా చప్పుడు వినగానే ట్రాప్‌లోకి దూకాలంటే దానికి ఆకలి ఉండాలి. పిల్లగా ఉన్నప్పటి నుంచీ డబ్బా మోగింది అంటే లోపల గింజ ఉంది అని అలవాటు చేయాలి. బుట్టలో ఎక్కించే ముందు మేత తేలిక చేయాలి. ఈ విద్య ఒక్క మనిషి చేతిలో ఉంటుంది. ఆ లాఫ్ట్ వాళ్లు ఫైనల్ ముందు మొక్కజొన్న దట్టించి ఉంటారని ఇప్పటికీ నా గట్టి నమ్మకం. ఎవరు ఎన్ని కబుర్లు చెప్పినా మారదు.

ఇంకో మాట. రిజల్టు షీట్‌లో ఓనరు పేరు ఉంటుంది, రింగు నంబరు ఉంటుంది. రోజూ పెంట ఎత్తి, నీళ్లు మార్చి, వందల పిట్టల్లో ఏది ముక్కు కారుతోందో ఏది మెడ వంకర పెడుతోందో కనిపెట్టే మనిషి పేరు ఎక్కడా ఉండదు. అతనికి జీతం తప్ప ప్రైజులో వాటా ఉండదు. ఉంటే మా పెట్ట ఆ రోజు కప్పు మీద కూర్చునేది కాదు.

యూట్యూబ్ వాళ్లేమో దీని గురించి ఒక్క ముక్క మాట్లాడరు. 2019లో అర్మాండో అనే పావురం 12.5 లక్షల యూరోలు, 2020లో న్యూ కిమ్ 16 లక్షల యూరోలు, అవే రెండు కథలు. ఆ బెల్జియం వేలాల ధరలు చూపించి, "అదే లైను (వంశం)" అని ఊరూపేరూ లేని జతల్ని మన పిల్లలకి అంటగడుతున్నారు. తమ్ముడూ, నీ జతలు ఎవరి దగ్గర కొన్నా పర్వాలేదు. పిల్లలు ఎగిరి చూపిస్తే అదే వాటి కాగితం.

వయసు జాగ్రత్త. నెల దాటాక, నెలన్నర లోపే పంపాలి. తల మీద పసుపు నూగు ఇంకా నాలుగు పోగులు మిగిలి ఉండాలి, గింజ తనంతట తానే ఏరుకోవాలి, ముక్కు ముంచి నీళ్లు తాగాలి. మీ మేడ చుట్టూ ఒక్కసారి ఎగిరి దిశ చూసుకున్న పిల్లని పంపకు. దానికి అప్పటికే ఇల్లు ఏదో తెలిసిపోతుంది, అక్కడ తలుపు తీయగానే మీ ఇల్లు వెతుక్కుంటూ పోయి దారి తప్పుతుంది. పారామిక్సో టీకా వేయించే పంపు. ఎక్కడెక్కడి పిల్లలో ఒక్కచోట చేరతాయి, మెడ తిరిగే రోగం ఒకదానికొస్తే గూడంతా అంటుకుంటుంది.

డబ్బు కట్టే ముందు వాళ్లకి ఫోన్ చెయ్యి. పోయినసారి ఎన్ని పిల్లలు వచ్చాయి, ఫైనల్ బుట్టలో ఎన్ని ఎక్కాయి అని అడుగు. ట్రైనింగ్‌లోనే చాలా పోతాయి, ఆ లెక్క దాచేవాళ్ల దగ్గరికి వెళ్లకు. లైవ్ కెమెరా రేసు రోజే ఉంటుందా, మేత వేళ కూడా చూపిస్తారా అని అడుగు. మేత వేసే ఆయనతో ఒక్కసారి మాట్లాడించమను. మాట్లాడించకపోతే వదిలెయ్.

ఫైనల్ అయ్యాక పావురం ఎవరిది అన్నది కూడా కాగితం మీద చూసుకో. చాలాచోట్ల తిరిగివ్వరు, వేలం వేసి డబ్బులో వాటా ఇస్తారు. మా పెట్ట అలాగే పోయింది. దాని తోబుట్టువు మా గూట్లో ఉంది కాబట్టి లైను నిలిచింది, ఇప్పుడు దాని పిల్లలే ఎగురుతున్నాయి. అందుకే ఒక్కో జత నుంచి ఒక పిల్లని పంపి, ఒకదాన్ని ఇంట్లో ఉంచుకో. రింగు నంబర్లు రెండూ రాసి పెట్టుకో. పంపేటప్పుడు విజయనగరం స్టేషన్ పార్సిల్ ఆఫీసుకి ముందు రోజే వెళ్లి పెట్టె కొలత కనుక్కో, అప్పటికప్పుడు వెళితే పెట్టె పెద్దదని వెనక్కి పంపేస్తారు.