ప్రోటాన్ సరైన చోటే ఆగిందా? పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: ఎక్స్‌రే చికిత్సలో కిరణం ఒంట్లోంచి అటువైపుకి వచ్చేస్తుంది కాబట్టి వెనక డిటెక్టర్ పెట్టి చూసుకోవచ్చు. కేన్సర్‌కి ప్రోటాన్ కిరణంతో చేసే చికిత్సలో ప్రోటాన్ లోపలే ఆగిపోతుంది. మరి ఎక్కడ ఆగిందో తెలిసేదెలా?

జవాబు: ప్రోటాన్ బయటికి రాదు గానీ, దారిలో తగిలిన పరమాణు కేంద్రకాలను కుదిపి పోతుంది. వాటి నుంచి వెలువడే గామా కిరణాలు బయటికొస్తాయి, మనం పట్టుకునేది వాటినే. కొన్ని తాకిన మరుక్షణమే వస్తాయి. ఇవి ప్రాంప్ట్ గామాలు: కార్బన్ నుంచి 4.44 ఎంఈవీ (మెగా ఎలక్ట్రాన్ వోల్ట్, కణాల శక్తికి కొలమానం), ఆక్సిజన్ నుంచి 6.13 ఎంఈవీ. కొన్ని కేంద్రకాలు మాత్రం కార్బన్-11గానో ఆక్సిజన్-15గానో మారి, తర్వాత తీరిగ్గా పాజిట్రాన్‌ని (ధనావేశం ఉన్న ఎలక్ట్రాన్ లాంటి కణాన్ని) వదులుతాయి. దాని నుంచి పుట్టే 511 కెఈవీ (కెఈవీ అంటే ఎంఈవీలో వెయ్యో వంతు) గామాల జంటను పెట్ స్కానర్ చూస్తుంది.

ఇంత తాపత్రయం ఎందుకంటే, 150 ఎంఈవీ ప్రోటాన్ నీళ్లలో దాదాపు 16 సెం.మీ. పోతుంది. ఒంట్లో ఎంత పోతుందో సీటీ నంబర్ల (కణజాలం ఎక్స్‌రేని ఎంత అడ్డుకుంటుందో సీటీ స్కాన్ చెప్పే అంకెల) నుంచి లెక్కగట్టాలి, ఆ లెక్క కాస్త అటూఇటూ అవుతుంది. అందుకే రేంజ్‌లో (ప్రోటాన్ పోయే లోతులో) 3.5 శాతం, దానిపైన మరో 1 నుంచి 3 మి.మీ. మార్జిన్ వదలడం పరిపాటి. 16 సెం.మీ. లోతుకి అది 6.6 నుంచి 8.6 మి.మీ. ట్యూమర్ వెనకాలే వెన్నుపాము ఉంటే, కిరణాన్ని నేరుగా దాని ముందు ఆపే సాహసం చేయకుండా పక్కనుంచి ఇవ్వడానికే మొగ్గు చూపుతారు. ప్రోటాన్ అసలు గొప్పదనం ఠక్కున ఆగడమే. దాన్నే వాడుకోలేకపోతున్నాం.

ప్రశ్న: రోజూ పొద్దున్నే మెషీన్‌కి రేంజ్ పరీక్ష చేస్తారు కదా, అది చాలదా?

జవాబు: చాలదు. ఆ పరీక్షలో రేంజ్ 1 మి.మీ. లోపు తేడాతో వస్తే మెషీన్ బాగున్నట్టు, అంతే. పేషెంట్ ప్లాస్టిక్ దిమ్మ కాదు. ప్లాన్ కోసం సీటీ తీసిన రోజు గాలితో ఉన్న సైనస్ ఈరోజు జలుబుతో నిండి ఉండొచ్చు. దారిలో 1 సెం.మీ. గాలి ఉండాల్సిన చోట చీమిడి ఉంటే కిరణం సుమారు 1 సెం.మీ. ముందే ఆగిపోతుంది.

ప్రశ్న: చికిత్స తర్వాత తీసిన పెట్ బొమ్మలో వెలుగు ట్యూమర్ చివరిదాకా లేదు, కొన్ని మిల్లీమీటర్ల ముందే తగ్గిపోయింది. డోసు అందనట్టేనా?

జవాబు: అలా అనుకోనక్కర్లేదు. పెట్ బొమ్మ డోసు బొమ్మ కాదు. కార్బన్-11 పుట్టాలంటే ప్రోటాన్‌కి దాదాపు 20 ఎంఈవీ శక్తి ఉండాలి. 20 ఎంఈవీ ప్రోటాన్ నీళ్లలో ఇంకో 4 మి.మీ. పోగలదు. అంటే డోసు తారస్థాయికి చేరే చివరి మిల్లీమీటర్లలో వెలుగు ఉండనే ఉండదు. కాబట్టి బొమ్మని డోసుతో పోల్చకూడదు. అదే ప్లాన్‌కి ఎలాంటి పెట్ బొమ్మ రావాలో మాంటె కార్లో పద్ధతిలో (కణాల దారుల్ని కంప్యూటర్‌లో యాదృచ్ఛికంగా నడిపి చూసే లెక్కతో) ముందే లెక్కగట్టి, దాంతో పోల్చాలి. కిరణం వెళ్లిన దిశలో వెలుగు సగానికి పడిపోయే చోటు రెండింటిలోనూ ఎక్కడుందో చూస్తే తేడా తెలుస్తుంది.

అసలు చిక్కు టైముది. ఆక్సిజన్-15 అర్ధాయువు (సగానికి తగ్గే సమయం) 2 నిమిషాలే. పేషెంట్‌ని వేరే గదికి తీసుకెళ్లి స్కాన్ మొదలెట్టేసరికి 10 నిమిషాలైతే, అందులో మిగిలేది 3 శాతం చిల్లర. 20 నిమిషాల అర్ధాయువున్న కార్బన్-11 మాత్రం 70 శాతం ఉంటుంది. ఈలోగా రక్తప్రసరణ కూడా కొంత మోసుకుపోతుంది. అందుకే కండరాల్లో అంచు మసకబారుతుంది, ఎముకలో కాస్త నమ్మకంగా ఉంటుంది. మంచం మారినప్పుడు పొజిషన్ 2 మి.మీ. జరిగినా అది రేంజ్ తప్పులాగే కనిపిస్తుంది. వీలైతే చికిత్స గదిలోనే స్కాన్ చేయడం మేలు.

ప్రశ్న: మరి ప్రాంప్ట్ గామాలనే చూస్తే సరిపోతుంది కదా?

జవాబు: రక్తం మోసుకుపోయే బాధ లేదు, కిరణం పడుతుండగానే కొలత వస్తుంది. కానీ ఆసుపత్రుల్లోని మామూలు గామా కెమెరాలు ఇంత శక్తిని తట్టుకోలేవు. అందుకే మందపాటి టంగ్‌స్టన్ దిమ్మలో కత్తి అంచులాంటి చీలిక చేసి, దాని వెనక సింటిలేటర్ (గామా తగిలితే మెరిసే) డిటెక్టర్లు వరసగా పెడతారు. పిన్‌హోల్ కెమెరాలాగే కిరణం దారి అందులో తిరగబడి పడుతుంది. ఈ రకం కెమెరాని 2015లో జర్మనీలోని డ్రెస్డెన్‌లో మొదటిసారి పేషెంట్ మీద వాడారు.

ఇబ్బందులు రెండు. న్యూట్రాన్లు కూడా డిటెక్టర్‌ని కొట్టి గోల చేస్తాయి. 3 నుంచి 6 ఎంఈవీ మధ్య వాటినే లెక్కిస్తే కొంత తగ్గుతుంది. రెండోది, ఒక్కో స్పాట్‌లో (సన్నటి కిరణం ఒక్కసారికి గురిపెట్టే చోట) ప్రోటాన్లు తక్కువ కావడంతో చాలినన్ని గామాలు దొరకవు. చుట్టుపక్కల స్పాట్లను కలిపి చూస్తే అంకె నిలకడగా వస్తుంది గానీ, చిన్న చోట జరిగిన మార్పు అందులో కలిసిపోతుంది. ఎక్కువ ప్రోటాన్లు పడే లోతైన పొరలను ముందు చూడడం మంచిది.

ప్రశ్న: వీటివల్ల అదనపు రేడియేషన్ ఉంటుందా?

జవాబు: చికిత్సలో ఎలాగూ పుట్టే గామాలే ఇవి. ఇంజెక్షన్ కూడా ఉండదు. పెట్‌తో పాటు సీటీ తీస్తే మాత్రం ఆ సీటీ డోసు అదనం.

ప్రశ్న: తేడా కనిపిస్తే ముందు ఏం చూడాలి?

జవాబు: తేడా ఎలా పరుచుకుందో చూడండి. ఫీల్డ్ (కిరణం పడే ప్రాంతం) అంతటా ఒకే దిశలో, ఇంచుమించు ఒకే కొలతలో జరిగి ఉంటే కెమెరానో పేషెంటో సరిగ్గా అమరలేదేమో చూడండి. కెమెరా 1 మి.మీ. జరిగితే రేంజ్ కూడా 1 మి.మీ. జరిగినట్టే చూపిస్తుంది. అమరిక సరిగ్గానే ఉంటే సీటీ నంబర్ల లెక్కని అనుమానించాలి. ఒక మూల ఉన్న స్పాట్లలోనే తేడా ఉంటే ఆ దారిలో ఒంట్లోనే ఏదో మారింది: సైనస్, పేగుల్లో గాలి, వాపు, బరువు తగ్గడం. అప్పుడు మళ్లీ సీటీ తీసి, దాని మీద డోసు లెక్కగట్టి చూశాకే ప్లాన్ మార్చాలి. ఒక్క రోజు కొలత చూసి మార్చకండి.