స్నేహితులతో నక్షత్రాలు చూడడం, రాత్రి ఫొటోలు తీయడం: రెండూ ఒకే వారాంతంలో కుదురుతాయా?

ఐదుగురు స్నేహితులు కలిసి రెండు రాత్రులు నగరానికి దూరంగా గడపబోతున్నారని, వారిలో ఇద్దరికి కెమెరా మీద, మిగిలిన ముగ్గురికి ఆకాశం చూడడం మీద ఆసక్తి ఉందని, ఈ రెండు పనులూ ఒకదానికొకటి అడ్డు రాకుండా సాగుతాయా అని మీరు అడిగారు. సాగుతాయి. అయితే ఏ వేళలో ఎంత వెలుతురు, ఎవరు, ఎక్కడ వాడతారన్నది బయలుదేరే ముందే అందరూ కూర్చుని తేల్చుకోవాలి. కొన్నేళ్లుగా మిత్రులతో ఇలాంటి ప్రయాణాలు చేస్తున్న నాకు, మబ్బుల వల్ల చెడిన రాత్రుల కన్నా మా చేతుల్లోని దీపాల వల్ల చెడిన రాత్రులే ఎక్కువగా గుర్తున్నాయి.

ముందు తేదీ చూసుకోండి. అమావాస్యకు దగ్గరగా ఉన్న వారాంతం అన్నిటికన్నా మంచిది. అది వీలుకాకపోతే, చంద్రుడు రోజుకు సగటున 50 నిమిషాలు ఆలస్యంగా ఉదయిస్తాడు కాబట్టి, బహుళ అష్టమి ప్రాంతంలో వెళ్లినా అర్ధరాత్రి వరకు చీకటి దొరుకుతుంది. పాలపుంతలో అన్నిటికన్నా కాంతివంతమైన భాగం ధనుస్సు, వృశ్చిక రాశుల వైపు ఉంటుంది. ఉత్తరార్ధగోళంలో ఉన్నవారికి అది మార్చి, ఏప్రిల్ నెలల్లో తెల్లవారుజామునా, జూన్ నుంచి ఆగస్టు వరకు చీకటి పడ్డాక కొద్దిసేపటికే కనిపిస్తుంది. డిసెంబరులో సూర్యుడు ఆ దిశలోనే ఉంటాడు కాబట్టి దాని మీద ఆశ పెట్టుకోవద్దు. అప్పుడు ఓరియన్ తారామండలం, అందులో ఎర్రగా మెరిసే ఆర్ద్ర, దానికి కాస్త దూరంలో రోహిణి, కృత్తికలు రాత్రంతా ఆకాశాన్ని నింపేస్తాయి.

ఇక అసలు విషయానికి వస్తాను. మసక వెలుతురులో చూసే శక్తి మన కంటికి పూర్తిగా రావడానికి 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది. అంతసేపు ఓపిక పట్టి సంపాదించుకున్న చూపును పూర్తి వెలుగుతో ఉన్న ఒక్క ఫోన్ తెర క్షణంలో పోగొడుతుంది, మళ్లీ మొదటి నుంచి ఎదురుచూడాల్సి వస్తుంది. మా మొదటి ప్రయాణంలో ఒకరు ఫోన్‌లో నక్షత్రాల పటం తెరిచారు, మరొకరు టార్చి వేసి లెన్స్ మార్చారు, దుప్పటి కోసం కారు తలుపు తీసిన ప్రతిసారీ లోపలి దీపం వెలిగింది. ఎవరి పని వారికి అవసరమైనదే. అయినా ఆ రాత్రి మాలో ఒక్కరికి కూడా నిజమైన చీకటి దక్కలేదు.

తరువాతి ప్రయాణానికి మేమొక ఒప్పందం చేసుకున్నాం. చీకటి పడ్డాక మొదటి గంట కెమెరా సంచి తెరవకూడదు, ఫోన్ బయటికి తీయకూడదు, అందరూ చాపల మీద వెల్లకిలా పడుకోవాలి. మాలో ఒకరు దక్షిణం వైపు చూపించి, ‘ఆ మబ్బు జరిగిపోతే బాగుండురా’ అన్నారు. ఇరవై నిమిషాలు గడిచినా అది జరగలేదు. అంచులు ఇంకా స్పష్టమయ్యాయి, మధ్యలో నల్లని చారలు కనిపించసాగాయి. అది పాలపుంత అని తెలిసిన తరువాత చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఫొటోల మీద ఎంత ఇష్టం ఉన్నవారైనా ఆ మొదటి గంటను వదులుకోవద్దని నేను గట్టిగా చెబుతాను. ఏ ఫొటో తీయాలో ఆ గంటలోనే తెలుస్తుంది.

ఆ సమయంలోనే నేర్చుకోవలసిన మెళకువ ఒకటి ఉంది. మసకగా ఉన్న దాన్ని సూటిగా చూస్తే మాయమవుతుంది, దాని పక్కకు కాస్త చూపు మళ్లిస్తే కనిపిస్తుంది. మసక వెలుతురును పట్టుకునే కణాలు కంటి మధ్యభాగంలో కాకుండా చుట్టూ ఎక్కువగా ఉండడమే దీనికి కారణం. సుమారు 25 లక్షల కాంతి సంవత్సరాల దూరంలో ఉన్న ఆండ్రోమెడా గెలాక్సీని మేమందరం ఇలాగే, ఏ పరికరమూ లేకుండా, చిన్న పొగమరకలా చూశాం. ఆ తరువాత పది రెట్లు పెద్దదిగా చూపే 10×50 బైనాక్యులర్ చేతులు మారింది. టెలిస్కోపు లేదని మీరు వెనకాడనక్కరలేదు.

ఫొటోల విషయంలో నాకు అన్నిటికన్నా బాధ కలిగించినది ఫోకస్. మొదటిసారి లెన్స్ మీద అతి దూరాన్ని సూచించే అనంతం (∞) గుర్తును నమ్మి తీసిన ఫొటోలన్నిటిలో నక్షత్రాలు మెత్తని వృత్తాలుగా వచ్చాయని ఇంటికి వచ్చాకే తెలిసింది. అందుకని ఇప్పుడు ఆటోఫోకస్ ఆపేసి, లైవ్ వ్యూలో, అంటే కెమెరా తెర మీద కనిపించే ప్రత్యక్ష దృశ్యంలో, ఒక ప్రకాశవంతమైన నక్షత్రాన్ని పూర్తిగా పెద్దది చేసి చూస్తూ, అది అతి చిన్న చుక్క అయ్యేదాకా రింగును అటూ ఇటూ మెల్లగా తిప్పుతాను. చుక్క కుదిరాక రింగు కదలకుండా చిన్న టేపు ముక్క అంటిస్తాను. రాత్రి చల్లబడే కొద్దీ ఫోకస్ కొద్దిగా జరుగుతుంది కాబట్టి రెండు గంటలకోసారి మళ్లీ సరిచూడాలి.

ఎక్స్‌పోజర్‌కు ఎఫ్/2.8 (లెన్స్ రంధ్రం ఎంత తెరుచుకుంటుందో చెప్పే అంకె), ఐఎస్‌ఓ 3200 (కెమెరాలో వెలుతురును పట్టే సెన్సర్ ఎంత సున్నితంగా పనిచేయాలో చెప్పే అంకె) తో మొదలుపెట్టవచ్చు. భూభ్రమణం వల్ల ఆకాశం గంటకు 15 డిగ్రీలు జరుగుతుంది కాబట్టి ఎక్కువసేపు షట్టర్ తెరిచి ఉంచితే చుక్కలు గీతలవుతాయి. 500 ను లెన్స్ ఫోకల్ లెంగ్త్‌తో భాగించి సెకన్ల లెక్క వేసుకోవడం వాడుకలో ఉన్న పద్ధతి, అంటే 20 ఎంఎం లెన్స్‌కు 25 సెకన్లు. సెన్సర్ చిన్నదైతే ముందు ఫోకల్ లెంగ్త్‌ను 1.5 తో హెచ్చించాలి. ఇప్పటి కెమెరాలకు ఈ లెక్క ఉదారంగా ఉందని నా అభిప్రాయం, అందుకే నేను 500 బదులు 300 వాడతాను. రా ఫైళ్లుగా, అంటే కెమెరా సవరించని ముడి రూపంలో, తీయండి. చీకట్లో కెమెరా తెర అసలు కన్నా కాంతివంతంగా కనిపించి మోసం చేస్తుంది, కాబట్టి ఫొటోలో చీకటి, వెలుతురు ఎంతెంత ఉన్నాయో గీసి చూపే హిస్టోగ్రామ్‌నే నమ్మండి. ఇంకొకటి: అర్ధరాత్రి దాటాక ఫొటోలు క్రమంగా మసకబారుతుంటే ఫోకస్‌ను అనుమానించే ముందు లెన్స్ ముందు అద్దాన్ని చూడండి. ఒకసారి నేను వేలితో తాకితే అది తడిగా ఉంది, సన్నని మంచు పొర అంతటా పేరుకుంది. అప్పటి నుంచి లెన్స్‌కు చుట్టే వేడి పట్టీ లేకుండా వెళ్లడం లేదు.

రెండు బృందాలు ఒకరినొకరు ఇబ్బంది పెట్టకుండా ఉండడానికి మేము ట్రైపాడ్‌లను చాపలకు ముప్ఫై అడుగుల దూరంలో, పడుకున్నవారి వెనుక వైపు పెడతాం. తెర వెలుగు అతి తక్కువకు దించి, తీసిన ఫొటో దానంతటదే తెర మీద కనిపించకుండా, ఫోకస్‌కు సాయపడే దీపం వెలగకుండా సెట్టింగులు పగలే మార్చుకుంటాం. నడవడానికి మసక ఎర్ర దీపం ఒక్కటే వాడతాం. ఎర్ర వెలుతురు చీకటికి అలవాటుపడిన చూపును అంతగా చెడగొట్టదు. చెట్టునో బండనో వెలిగించి ఫొటో తీయాలంటే ముందు కేక వేసి చెప్పాలి, అందరూ కళ్లు మూసుకోవాలి.

రెండో రాత్రి చివర్లో ఆకాశం ముందు నిలబడి అందరూ కలిసి ఒక ఫొటో దిగండి. 15 సెకన్లు కదలకుండా నిలబడితే చాలు, వెలుతురేమీ అక్కరలేదు, ఆకృతులు నల్లగా చక్కగా వస్తాయి. సూర్యోదయానికి గంటకు పైగా ముందే తూర్పు తెలుపెక్కుతుంది కాబట్టి ఆ ఫొటోను ఆఖరి నిమిషానికి వాయిదా వేయవద్దు. తిరుగు ప్రయాణంలో బండి నడపవలసినవారిని మాత్రం ఆ రాత్రి అందరికన్నా ముందుగా నిద్రకు పంపండి.